గోదావరి డెల్టాలో సొంతంగా కౌన్సెలింగ్ ప్రాక్టీస్: సర్టిఫికెట్ నుంచి బీరువా తాళం దాకా

నా మొదటి గది ఒక రక్తపరీక్షల ల్యాబ్ పైన ఉండేది. కింద రిసెప్షన్‌లో ఉండే కుర్రాడు మంచివాడే కానీ గొంతు పెద్దది. "సైకాలజిస్ట్ మేడమ్ గారి కోసమాండీ? పైకెళ్ళిపోండి!" అని హాలంతా వినబడేలా చెప్పేవాడు. షుగర్ టెస్టుకి పరగడుపున కూర్చున్న పదిహేను మందీ ఒకేసారి తలెత్తి చూసేవాళ్ళు. మూడు నెలల్లో ఆ మెట్లు ఎక్కింది పదకొండు మంది. సగం ఎక్కి దిగిపోయినవాళ్ళు ఎంతమందో లెక్క లేదు.

మన వైపు ఈ పని నిలబడినా పడిపోయినా గుట్టు దగ్గరే. మీ డిగ్రీ ఎవరూ అడగరు. ఇక్కడికొచ్చిన సంగతి ఊళ్ళో తెలుస్తుందా లేదా అన్నదే అడుగుతారు, అదీ నోటితో అడగరు. అందుకే ఈ మార్గదర్శిలో చదువు గురించి కాస్త తక్కువగా, మెట్లు, ఫోను, చెప్పులు, పులసల గురించి కాస్త ఎక్కువగా ఉంటుంది. మనుషుల గురించి చెప్పిన చోటల్లా ఆనవాలు పట్టకుండా వివరాలు మార్చేశాను.

1. ముందు కాగితాలు

సైకియాట్రిస్ట్, సైకాలజిస్ట్, కౌన్సెలర్ అన్న మాటల్ని జనం ఒకే అర్థంలో వాడేస్తారు. మీరు మాత్రం అలా వాడకూడదు. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ మీద మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు మీద రాసుకోవాలంటే 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) రిజిస్టర్‌లో పేరుండాలి. పేరు లేకుండా ప్రాక్టీస్ చేస్తే ఏడాది దాకా జైలు పడే వీలుందని ఆ చట్టంలోని 13వ సెక్షన్ చెబుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 106వ సెక్షన్ ఇంకో గీత గీసింది. ఎవరి వృత్తి పరిధి దాటి వాళ్ళు మందు గానీ చికిత్స గానీ చెప్పకూడదు. కాబట్టి "ఆ నిద్రమాత్ర సగం వేసుకోండి" అన్న చిన్న సలహా కూడా మన నోట రాకూడదు.

ఆర్‌సీఐ దారి ఇప్పుడు మారుతోంది. ఇన్నాళ్ళూ రెండేళ్ళ ఎం.ఫిల్. చేసి వచ్చేవాళ్ళం. యూజీసీ 2022 నిబంధనలతో ఎం.ఫిల్. డిగ్రీనే తీసేసింది. క్లినికల్ సైకాలజీకి కొంతకాలం వెసులుబాటు ఇచ్చి, దాని బదులు సై.డి. (డాక్టర్ ఆఫ్ సైకాలజీ) లాంటి కోర్సుల్ని ముందుకు తెస్తున్నారు. ఫీజు కట్టే ముందు ఆ కాలేజీకి ఆ ఏడాదికి ఆర్‌సీఐ అనుమతి ఉందో లేదో ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. కాలేజీవాళ్ళు చూపించే కరపత్రాన్ని నమ్మొద్దు.

క్లినికల్ వైపు కాకుండా కౌన్సెలింగ్ సైకాలజిస్ట్‌గా ఉండాలనుకుంటే పీజీలో సైకాలజీ కనీసపు మెట్టు. మనకు దగ్గరలో విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ విభాగం ఉంది. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో కూడా ఉంది. ఇంట్లో కూర్చుని దూరవిద్యలో చదివేద్దామనుకునేవాళ్ళు ఒక సంగతి గమనించాలి. 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పడం ఆపేయమని యూజీసీ ఆదేశించింది. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం ఈ రంగాన్ని కూడా తన పరిధిలోకి తెచ్చింది కాబట్టి, ఇవాళ రిజిస్ట్రేషన్ అడగకపోయినా రేపు అడుగుతారు. రెండు రోజుల వర్క్‌షాప్ సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలించుకున్నవాళ్ళు అప్పుడేం చేస్తారో చూడాలి.

2. సొంత బోర్డుకి ముందు రెండేళ్ళు ఇంకొకరి నీడలో

చదువవగానే గది అద్దెకు తీసుకోకండి. విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాల, కాకినాడ జీజీహెచ్ లాంటి చోట్లా, లేదా ఒక సైకియాట్రిస్ట్ దగ్గరా రెండేళ్ళు పని చేయండి. జీతం తక్కువే ఉంటుంది. కానీ మామూలు దిగులుకీ, పెద్ద జబ్బుకీ తేడా పుస్తకంలో కంటే ఓపీలో త్వరగా తెలుస్తుంది. మూడు రాత్రులు నిద్రలేకుండా హుషారుగా తిరుగుతూ, కొబ్బరితోట అమ్మేసి సినిమా తీస్తానంటున్న మనిషికి కౌన్సెలింగ్ మొదలుపెట్టకూడదని నాకు అక్కడే తెలిసింది. వెంటనే డాక్టరు దగ్గరికి పంపాలి. బాలింత వింతగా మాట్లాడుతున్నా, చెవిలో మాటలు వినబడుతున్నాయన్నా అంతే. నీరసం, దిగులు అని వచ్చినవాళ్ళకి ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 చూపించుకొచ్చారా అని అడగడం కూడా అలవాటు చేసుకోవాలి.

సొంత ప్రాక్టీస్ పెట్టాక కూడా ఒక సీనియర్‌తో వారానికో గంట కేసులు మాట్లాడుకోవడం మానకండి. దీన్ని సూపర్‌విజన్ అంటాం. ఫోన్లో అయినా సరే. ఆ గంటకి డబ్బు కట్టాలి, అది ఖర్చుల్లో రాసుకోండి.

3. ఏ ఊళ్ళో?

మీ సొంతూరు వద్దు. అత్తగారి ఊరు అసలే వద్దు.

జనం కూడా తమ ఊళ్ళో చూపించుకోరు. అమలాపురం వాళ్ళు రాజమండ్రో, కాకినాడో వెళ్తారు. రాజోలు వైపు వాళ్ళు చించినాడ వంతెన దాటి పాలకొల్లు, భీమవరం వస్తారు. తణుకు మనిషి తాడేపల్లిగూడెం వెళ్తే, అదే బస్సులో గూడెం మనిషి తణుకు వస్తాడు. కాబట్టి మీకు కావాల్సింది పెద్ద ఊరు కానక్కరలేదు. నాలుగు పక్కల నుంచీ బస్సులు కలిసే ఊరు, ఏదో ఒక పని మీద జనం రోజూ వచ్చే ఊరు అయితే చాలు. "బట్టలకెళ్ళొస్తా", "పళ్ళ డాక్టరు దగ్గరికి" అని ఇంట్లో చెప్పి రావడానికి వీలుండాలి. ఆఖరి బస్సు ఎన్నింటికో తెలుసుకుని దానికి గంటన్నర ముందు మీ చివరి సెషన్ పూర్తయ్యేలా చూసుకోండి. నేనిది ఏడాది ఆలస్యంగా నేర్చుకున్నాను. కొందరు సరిగ్గా అసలు విషయం నోట్లోకి వచ్చే సమయానికి గడియారం చూసి లేచిపోతుంటే, అదేదో మనసు లోపలి అడ్డంకి అనుకుని నోట్సులో పెద్ద పెద్ద మాటలు రాసుకున్నాను. పాపం, వాళ్ళది బస్సు గొడవ.

4. గది

దీనికి తొందరపడకండి, నెల రోజులు తిరగండి.

ఒకే మెట్లమీద రకరకాల పనులకి జనం ఎక్కే భవనం చూడండి. ఇప్పుడు నేనున్న చోట కింద జిరాక్స్ షాపు, మొదటి అంతస్తులో డెంటిస్టు, ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు, ఒక ఆడిటరు, రెండో అంతస్తులో నేను. మెట్లెక్కేవాళ్ళు ఎక్కడికి పోతున్నారో కింద టీకొట్టుకి అంతుబట్టదు. అద్దె కొంచెం ఎక్కువైనా ఇలాంటి భవనమే తీసుకోండి. ఆటోస్టాండ్ ఎదురుగా ఉన్న గది ఉచితంగా ఇచ్చినా వద్దు.

గదిలో కూర్చుని తలుపేసి, బయట మీ మనిషిని నిలబెట్టి మామూలు గొంతుతో మాట్లాడి చూడండి. పాత బిల్డింగుల్లో తలుపు పైన వెంటిలేటర్ ఉంటుంది, మాటంతా అందులోంచే పోతుంది. నేను దానికి అద్దం బిగించి లోపల దళసరి అట్ట పెట్టించాను. వెయిటింగ్ గదిలో రేడియో పెట్టాను. లోపల ఏసీ చప్పుడు కూడా మంచిదే, మాటని కప్పేస్తుంది.

ఇక చెప్పులు. తలుపు బయట చెప్పుల జత చూసి మనిషిని గుర్తుపట్టగల జనం మనవాళ్ళు. ఒకసారి ఒకావిడ గుమ్మం దాకా వచ్చి, బయటున్న చెప్పులు తోడికోడలివని గుర్తుపట్టి వెనక్కి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఫోన్ చేసి, "నేను రానులెండి మేడమ్, ఆవిడొస్తోంది కదా" అంది. ఆ చెప్పులు ఎవరివో నేను చెప్పకూడదు, కావు అని కూడా చెప్పకూడదు. నిజానికి అవి మా పనమ్మాయివి. అప్పట్నుంచి చెప్పుల స్టాండు లోపలే, తలుపున్న అరలో పెట్టాను. ఇద్దరు ఎదురుపడకుండా సెషన్‌కి సెషన్‌కి మధ్య 20 నిమిషాలు ఖాళీ వదులుతాను. ఆ 20 నిమిషాల్లోనే నోట్సు రాసుకోవడం, మంచినీళ్ళు తాగడం.

బోర్డు మీద నా పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, సమయాలు, అంతే. "మానసిక రోగాలకు నూటికి నూరుపాళ్ళు నయం" అని రాయించుకున్న బోర్డులు మన వైపు గోడల నిండా ఉన్నాయి. అవి చూసి విసిగిపోయినవాళ్ళే మీ దగ్గరికి వస్తారు. గది చూసుకున్నాక మున్సిపాలిటీలో ట్రేడ్ లైసెన్సు, వృత్తి పన్ను సంగతి కనుక్కుని కట్టేయండి. అదొక పూట పని.

5. ఫోను, యూపీఐ

ఇప్పుడు గుట్టు బయటపడేది ఎక్కువగా ఇక్కడే. ట్రూకాలర్‌లో జనం మిమ్మల్ని ఎలా సేవ్ చేసుకుంటే అలా కనబడతారు. కోడలు వంటింట్లో ఉండగా, హాల్లో మోగిన ఫోను మీద "సైకాలజిస్ట్ మేడమ్" అని వస్తే అత్తగారు చదువుతారు. అందుకని క్లినిక్ నంబరు వేరేగా తీసుకుని, దాన్ని ట్రూకాలర్‌లోంచి తీసేయించండి. మొదటి ఫోన్‌లోనే ఒక మాట అడగండి: "మీకు నేను ఏ టైములో ఫోన్ చేయొచ్చు? ఇంకెవరైనా ఎత్తితే ఏమని చెప్పమంటారు?" ఈ ప్రశ్న వినగానే అవతల గొంతు తేలికపడటం తెలుస్తుంది. గుర్తుచేసే మెసేజీలో "రేపు 11 గంటలకి" అన్న ముక్క చాలు.

యూపీఐ క్యూఆర్ మీద కూడా క్లినిక్ పేరు పెట్టొద్దు. భార్య కట్టిన 600 రూపాయల మెసేజి భర్త ఫోన్‌కి వెళ్తుంది, జాయింట్ అకౌంటైతే స్టేట్‌మెంట్‌లో పేరుంటుంది. నా క్యూఆర్ నా మామూలు పేరుతో ఉంటుంది, చీరలమ్ముకునే ఆవిడ పేరులా.

6. మొదటి గంట

"మీది ఏ ఊరండీ? ఎవరి తాలూకు? ఇంటిపేరేంటి?" గోదావరి మనిషి ఎదురుగా కూర్చోగానే ఈ మూడు ప్రశ్నలు వస్తాయి. మీ టీచర్లు ఇలాంటి ప్రశ్నలకి జవాబు చెప్పొద్దని నేర్పి ఉంటారు. ఇక్కడ అస్సలు చెప్పకపోతే పొగరనుకుంటారు, అంతా చెప్పేస్తే రెండో నిమిషంలో చుట్టరికం తేలుతుంది. నేను ఊరు చెబుతాను, ఆ తర్వాత ఇలా అంటాను: "మనకి తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు ఉండే ఉంటారండి. ఉన్నా సరే, ఇక్కడి మాట గుమ్మం దాటదు." చుట్టరికం నిజంగానే దగ్గరిదైతే ఆ రోజే ఇంకో థెరపిస్ట్ పేరిచ్చి పంపేస్తాను.

గుమ్మం దాటదు అన్నాక, ఎప్పుడు దాటుతుందో కూడా మొదటి రోజే చెప్పాలి. 2017 చట్టంలో 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా ఇచ్చింది, మినహాయింపులూ అందులోనే ఉన్నాయి. ప్రాణానికి ముప్పున్నప్పుడు, వేరే మనిషికి హాని జరిగేలా ఉన్నప్పుడు, కోర్టు అడిగినప్పుడు చెప్పాల్సినంత మేరకు చెప్పొచ్చు. 18 ఏళ్ళలోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ఇవన్నీ ఒక పేజీ తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాసి చదివి వినిపించి సంతకం తీసుకోండి. ఆ కాగితం వాళ్ళ చేతికి ఇవ్వకండి. ఇంటికి తీసుకెళ్ళి ఎక్కడ దాచుకుంటారు? కావాలన్నప్పుడు ఇక్కడే చూసుకోవచ్చని చెప్పండి.

వెంట వచ్చినవాళ్ళ సంగతి ఇంకో తలనొప్పి. ఒక్క మనిషి కోసం అమ్మ, మేనమామ, బాబాయి, కారు తోలిన తమ్ముడు వస్తారు. "మా ముందే అడగండి, మాకు తెలియని రహస్యాలేముంటాయి?" అంటారు. వాళ్ళని బయట కూర్చోబెట్టడానికి మంచినీళ్ళిచ్చి, "మీరు చెప్పేది కూడా వింటానండి, పది నిమిషాల్లో పిలుస్తాను" అనాలి. పిలవాలి కూడా. ఆ పది నిమిషాలు ఇవ్వకపోతే రెండోసారి బండి రాదు.

7. వాళ్ళ మాటలోనే వినడం

"మీ ఫీలింగ్ ఏంటి?" అని అడిగితే "ఎలాగో ఉందండి" అంటారు. చాలాసార్లు మాట అక్కడే ఆగిపోతుంది. మన జనం బాధని ఒంట్లో చూపిస్తారు. గుండెల్లో రాయి పెట్టినట్టుంది, ఒళ్ళంతా మంటలు, అరికాళ్ళు లాగేస్తున్నాయి, కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టుంది అంటారు. వీటిని డిప్రెషన్, యాంగ్జయిటీ అన్న మాటల్లోకి మార్చే తొందర పడకండి.

ఒక రొయ్యల రైతు వచ్చాడు. వైట్‌స్పాట్ అనే రొయ్యల జబ్బు వచ్చి రెండు పంటలు వరసగా పోయాయి. ఛాతీ దడ అని మూడుసార్లు ఈసీజీ తీయించుకుంటే అన్నీ నార్మలే. ఆ డాక్టరే నా దగ్గరికి పంపారు. "నాకు టెన్షనేం లేదు మేడమ్, రాత్రి రెండింటికి మెలకువ వస్తది, అంతే" అన్నాడు. రెండింటికే ఎందుకని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతున్నాయా లేదా అని చూసుకునే టైమట అది. చెరువు ఎండగట్టి నాలుగు నెలలైంది, మోటారు అమ్మేశాడు, అయినా చెవి ఆ చప్పుడు కోసం లేస్తోంది. ఆలోచనల పట్టిక రాయమని ఇచ్చే ఇంగ్లిషు ఫారం అతనికెందుకు? చెరువు లెక్కలు రాసుకునే పుస్తకం ఎలాగూ ఉంది. మేత వేసిన టైము రాసినట్టే మెలకువ వచ్చిన టైము, అప్పుడు మనసులోకి వచ్చిన మొదటి మాట రాసుకురమ్మన్నాను. తెచ్చాడు. నాలుగు రోజులు ఒకే మాట రాశాడు, "బావ". అప్పు ఇప్పించింది ఆ బావే. అప్పటిదాకా అప్పు గురించి ఒక్క ముక్క నోరు విప్పలేదు. అసలు పని అక్కడ మొదలైంది.

గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో వచ్చేవాళ్ళతో వాదించకండి. తాయెత్తు ఉండనివ్వండి, డాక్టరు రాసిన మందు మాత్రం ఆపనివ్వకండి.

8. ఎవరు పంపుతారు

ప్రకటనలు చూసి వచ్చేవాళ్ళు తక్కువ. పల్లెల్లో ఆర్‌ఎంపీ మాటే వేదం. పట్నంలో ఫిజీషియన్లు, గుండె డాక్టర్లు, గైనకాలజిస్టులు, చర్మం డాక్టర్లు పంపుతారు. వాళ్ళని ఒక్కొక్కరినీ మధ్యాహ్నం ఓపీ అయ్యాక కలవండి. పది నిమిషాలు చాలు. మనిషి వచ్చాక, అతని అనుమతితో "చూశాను, ఇన్ని వారాలు పడుతుంది" అని నాలుగు వాక్యాల ఉత్తరం పంపండి. కథ రాయకండి. కమీషన్ ఎంత ఇస్తారని మొహం మీదే అడిగేవాళ్ళుంటారు. మొదటిసారి ఇచ్చారో, ఇక ఎప్పటికీ ఇవ్వాల్సిందే. నేను ఇవ్వలేదు, మొదటి రెండేళ్ళు దాని ఫలితం చూశాను, ఇప్పుడు గుర్తు కూడా లేదు.

కాలేజీలతో జాగ్రత్త. ఒక రెసిడెన్షియల్ కాలేజీ వారానికోసారి రమ్మంది. రెండో నెల్లో "ఏ పిల్లలు ఏం చెబుతున్నారో లిస్టివ్వండి" అన్నారు. అంకెలు తప్ప పేర్లివ్వనని చెప్పి బయటికొచ్చేశాను. ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోకపోవడం నా తప్పు.

గల్ఫ్ కుటుంబాలు మన కోనసీమలో, నరసాపురం వైపు చాలా ఉన్నాయి. తల్లి కువైట్‌లో, పిల్లలు అమ్మమ్మ దగ్గర. పిల్లాడి కేసులో తల్లితో మాట్లాడక తప్పదు. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర అంటే మనకి అర్ధరాత్రి. నెలకి రెండు రాత్రులు అందుకే పక్కన పెట్టాను.

9. డబ్బు

లెక్క వేసుకుందాం. వారానికి 12 సెషన్లు, ఒక్కోదానికి 600 అనుకుంటే నాలుగు వారాలకి 28,800. అద్దె 7,000, పనమ్మాయి 2,000, కరెంటు, నెట్ 1,800, సూపర్‌విజన్ 4,000 తీసేస్తే చేతికి 14,000. పన్నెండు సెషన్లు నిండడానికే ఏడాది పట్టొచ్చు. కనుక ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి, లేదా వారంలో మూడు రోజులు ఎక్కడైనా ఉద్యోగం చేస్తూ మొదలుపెట్టండి. జీఎస్టీ, ఆదాయపు పన్ను సంగతి మొదటి నెల్లోనే ఆడిటర్‌ని అడగండి.

"పంట చేతికొచ్చాక ఇస్తామండి" అన్న మాట వింటారు. సార్వా (వానాకాలం వరి) డబ్బు, దాళ్వా (రెండో పంట) డబ్బు, చెరువు పట్టుబడి డబ్బు, అన్నీ తలో నెలలో వస్తాయి. అప్పు పెడితే మనిషి మొహమాటపడి రావడం మానేస్తాడు. దానికంటే మొదటి రోజే తగ్గించిన ఫీజు చెప్పి, అదే తీసుకోవడం మేలు. వారానికి రెండు సెషన్లు ఉచితంగా ఉంచాను. సంక్రాంతి వారం గది మూసేయండి, ఎవరూ రారు. కనుమ వెళ్ళిన వారం నుంచి మాత్రం ఊపిరాడదు. కోడిపందేల బరుల్లో డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు, వాళ్ళ భార్యలు వస్తారు. ఇంటర్ ఫలితాల వారం కూడా ఖాళీ ఉంచుకోండి.

బహుమతుల గొడవ ఉంది. అరటిగెల, కొబ్బరి బొండాలు తెస్తే అందరికీ పంచేయొచ్చు. ఒకాయన వరదనీళ్ళ కాలంలో పులస తెచ్చాడు. పులసని వెనక్కి పంపడం ఎంత కష్టమో గోదావరి వాళ్ళకి వేరే చెప్పాలా? ఇంటికి తీసుకెళ్తే మా అత్తగారు మొదట అడిగేది "ఎవరిచ్చారే?" అని. పంపేశాను. ఆ రోజు రాత్రి మా ఆయన నాతో సరిగ్గా మాట్లాడలేదు.

10. ప్రాణం మీదికి వచ్చినప్పుడు

చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది ఉత్త భయం. అవునంటే ఇంటికి పంపేముందు ఒక మనిషిని పక్కన ఉంచే ఏర్పాటు చేయాలి. ఇంట్లో, పొలం షెడ్డులో ఉన్న పురుగుమందు డబ్బాల్ని వేరేవాళ్ళింటికి చేర్పించాలి. అదే రోజు సైకియాట్రిస్ట్‌కి చూపించాలి. రాత్రిపూట మీరు ఫోన్ ఎత్తలేని వేళకి 14416 రాసివ్వండి. అది టెలీ మానస్, ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది, ఏ వేళకైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆత్మహత్యకు ప్రయత్నిస్తే పోలీసు కేసవుతుందని దాచిపెట్టే కుటుంబాలకి 2017 చట్టంలో 115వ సెక్షన్ గురించి చెప్పండి. అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలనీ, శిక్షించకూడదనీ అందులో ఉంది.

11. పెళ్ళిలో ఎదురైతే

ఎదురవుతారు. మన ఊళ్ళు అంతంత మాత్రమే. మొదటి రోజే చెప్పేస్తాను: "బయట కనబడితే నేను ముందు పలకరించను, మరోలా అనుకోవద్దు. మీరు పలకరిస్తే పలుకుతాను." ఒకసారి బంతిలో నా పక్క విస్తరి ముందు ఒక క్లయింటే కూర్చున్నారు. ఇద్దరం పనసపొట్టు కూర గురించి పావుగంట మాట్లాడుకున్నాం. అవతల మా పిన్ని "ఆవిడ నీకెలా తెలుసే?" అంది. "ఇప్పుడే పరిచయం" అన్నాను. నా వృత్తిలో నేను ఆడే అబద్ధాలన్నీ ఈ కోవకు చెందినవే.

12. బీరువా తాళం

నోట్సులో పేర్లు రాయను, నంబర్లే. ఏ నంబరు ఎవరిదో రాసుకున్న పుస్తకం వేరే బీరువాలో ఉంటుంది. కంప్యూటర్‌లో పెట్టేవాళ్ళు పాస్‌వర్డ్ లేకుండా పెట్టకండి, ఇంట్లో పిల్లలు ఆడుకునే ల్యాప్‌టాప్‌లో అసలు పెట్టకండి. రేపు మీకే ఏదైనా అయితే ఆ బీరువా ఎవరు తీయాలి? చాలామంది ఇది రాసిపెట్టరు. నేను ఒక కవరులో రాసిపెట్టాను: ఏ క్లయింట్లకి ఫోన్ చేసి చెప్పాలి, ఎవర్ని ఎవరి దగ్గరికి పంపాలి, ఏ కాగితాలు తగలబెట్టాలి. రెండు తాళంచెవులూ ఆ కవరులోనే ఉన్నాయి. కవరు మా ఆడిటరు గారి లాకర్లో ఉంది. దాని మీద మా ఆయన పేరు లేదు. విశాఖలో నాతో చదువుకున్న ఒక థెరపిస్ట్ పేరుంది. ఆవిడ కవరు నా దగ్గరుంది.